చిప్పకూడూ అత్తారిల్లూ ఒకే గోడ లోపల

2024 జూలై 25న బెంగళూరు మేజిస్ట్రేట్ కోర్టు ఒక అర్జీని కొట్టేసింది. రేణుకాస్వామి హత్య కేసులో నిందితుడిగా పరప్పన అగ్రహార కేంద్ర కారాగారంలో ఉన్న కన్నడ నటుడు దర్శన్, ఇంటి భోజనం తెప్పించుకోనివ్వమని పెట్టుకున్న అర్జీ అది. సరిగ్గా నెల తిరిగేసరికి, ఆగస్టు 25న, ఒక ఫొటో ఊళ్లో ఫోన్లన్నీ చుట్టేసింది. జైలు ఆవరణలో పచ్చిక, అందులో కుర్చీ, ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో సిగరెట్టు, పక్కన పేరుమోసిన రౌడీషీటరు. మర్నాటికల్లా ఏడుగురు జైలు సిబ్బంది సస్పెండయ్యారు. ఆ వారంలోనే నటుణ్ని బళ్లారి జైలుకు మార్చారు.

రూలు ప్రకారం అడిగితే క్యారియర్ భోజనం రాలేదు. రూలుతో పనిలేకుండా కుర్చీ, సిగరెట్టు, కాలక్షేపానికి తోడు మూడూ వచ్చాయి. ఖైదీలకు సుఖాలూ వినోదమూ ఉండొచ్చా అన్న చర్చను ఈ రెండు తేదీల దగ్గర మొదలుపెడితేనే అది దారిన పడుతుంది. లేదంటే ఒకరు ‘పాపం, వాళ్లూ మనుషులే’ అనీ, ఇంకొకరు ‘జైలంటే అత్తారిల్లా?’ అనీ అనుకుంటూ ఎక్కడివాళ్లక్కడే ఉండిపోతారు.

నిజానికి మన భాషే ఈ గుట్టు ఎప్పుడో పట్టేసింది. తిండి తలుచుకుంటే జైలు చిప్పకూడు. దర్జా తలుచుకుంటే అత్తారిల్లు. పెద్దమనుషులు వెళ్తే శ్రీకృష్ణ జన్మస్థానం. ఈ పేర్లన్నీ ఒకే జైలుకు, ఒకే రోజున, బ్యారక్ మారితే చాలు వర్తిస్తాయి. హోసూరు రోడ్డు దిగి పరప్పన అగ్రహార గేటు ముందు ములాఖత్ కోసం నిలబడే జనంలో హిందూపురం, మదనపల్లె, కుప్పం నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినవాళ్లూ ఉంటారు. లోపలున్న తమవాడికి ఏ పేరు వర్తిస్తుందో వాళ్ల సంచిలోని డబ్బును బట్టి తేలిపోకూడదు. అసలు ప్రశ్న అది.

ఒక వస్తువు విలాసమా, అవసరమా అన్నది ఆ వస్తువును చూస్తే తెలియదు. అది ఏ దారిన లోపలికి వచ్చింది, అదే స్థితిలో ఉన్న మిగతావాళ్లకూ ఉందా, రిజిస్టరులో ఎక్కిందా అని చూస్తే తెలుస్తుంది. దొంగదారిన వచ్చిన దిండు విలాసం. అందరికీ ఇచ్చి, నంబరు వేసి, రిజిస్టరులో రాసిన టీవీ విలాసం కాదు.

ముందు లోపల ఎవరున్నారో చూడాలి. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లో 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. ఉండాల్సిన చోటు 4,36,266 మందికి. ఉన్నవాళ్లలో 4,34,302 మంది, అంటే నూటికి 75.8 మంది, విచారణ ఖైదీలు. నేరం చేశారని ఇంకా ఏ కోర్టూ చెప్పలేదు. వీళ్లకు తిండి, బట్ట, పడక తగ్గించడాన్ని శిక్ష అనడానికి లేదు, ఎందుకంటే శిక్షే పడలేదు. 1894 నాటి జైళ్ల చట్టం తెల్లదొరలు రాసినదే అయినా 31వ సెక్షనులో ఈ తేడా పాటించింది. శిక్ష పడని ఖైదీ సొంత ఖర్చుతో బయటి నుంచి తిండి, బట్టలు, పడక తెప్పించుకోవచ్చు, తనిఖీకి లోబడి. వెంటనే 32వ సెక్షనులో ఒక మెలిక పెట్టింది: అలా తెచ్చుకున్నది ఇంకో ఖైదీకి ఇవ్వకూడదు, అద్దెకివ్వకూడదు, అమ్మకూడదు. ఈ రెండో సెక్షను రాసినవాడికి జైలు ఎలా నడుస్తుందో బాగా తెలుసు. క్యారియర్ లోపలికి రావడం వల్ల కొంప మునగదు. ఆ క్యారియర్‌తో నలుగుర్ని కొనగలగడం వల్ల మునుగుతుంది.

శిక్షపడ్డవాళ్ల సంగతి? 1974లో విశాఖపట్నం కేంద్ర కారాగారంలోని నక్సలైటు ఖైదీలు గోడ మీది కరెంటు తీగ విషయమై సుప్రీంకోర్టుకు వెళ్లారు. భువన్ మోహన్ పట్నాయక్ కేసుగా అది ప్రసిద్ధం. తీగ విషయంలో వాళ్లు గెలవలేదు గానీ, శిక్షపడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని కోర్టు తేల్చి చెప్పింది. జైలంటే స్వేచ్ఛ తీసేయడం. తీసేసిన స్వేచ్ఛే శిక్ష. దాని మీద నల్లులనూ, పురుగుల అన్నాన్నీ అదనపు శిక్షగా వడ్డించే అధికారం వార్డరుకు ఎవరూ ఇవ్వలేదు. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో మూడోది చెప్పేదీ ఇంచుమించు ఇదే.

బెంగళూరుకు ఈ చరిత్రలో సొంత అధ్యాయం ఉంది. 1984లో ఇక్కడి పాత సెంట్రల్ జైలు నుంచి రామమూర్తి అనే ఖైదీ భారత ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు, తిండి తినేలా లేదనీ హింసిస్తున్నారనీ. ఆ ఒక్క ఉత్తరం మీద 1996లో వచ్చిన తీర్పు జైళ్లను పీడిస్తున్న తొమ్మిది జబ్బుల్ని పేరుపేరునా చెప్పింది: కిక్కిరిసిపోవడం, విచారణల జాప్యం, హింస, ఆరోగ్యం, తిండి బట్ట, జైల్లో వ్యసనాలు, ఉత్తరప్రత్యుత్తరాలు, ములాఖత్‌లు, బహిరంగ జైళ్ల నిర్వహణ. వాటిలో టీవీ లేదు, పరుపు లేదు. అప్పటికి ఖైదీ అడిగింది తినగలిగిన అన్నం.

అదే పాత జైల్లో ఎమర్జెన్సీ కాలంలో వాజ్‌పేయి, అడ్వాణీ ఉన్నారు. నటి స్నేహలతా రెడ్డీ ఉన్నారు. తెలుగు కవి పఠాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి భార్య. ఆమెకు ఉబ్బసం. 1976 మేలో పట్టుకెళ్లిన మనిషిని 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. 20న ఆమె చనిపోయారు. గాలి ఆడే గదీ, వేళకు మందూ, డాక్టరూ ఆరోగ్యవంతుడికి సౌకర్యంగా కనిపిస్తాయి. ఉబ్బసం ఉన్న మనిషికి అవి ఊపిరి. ఏది విలాసమో వస్తువుల పట్టీ చూసి చెప్పలేమనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. ఆ జైలు స్థలమే ఇప్పుడు ఫ్రీడమ్ పార్కు, ఊళ్లో ధర్నాలు చేసుకునే చోటు.

ఇక వస్తువుల దగ్గరికి వద్దాం. మొదట దిండు. 2025 ఆగస్టు 14న సుప్రీంకోర్టు దర్శన్ బెయిలు రద్దు చేసింది. జైల్లో ఫైవ్‌స్టార్ మర్యాదలు జరుగుతున్నట్టు తెలిస్తే ముందు సూపరింటెండెంటును సస్పెండ్ చేయడమే మొదటి పని అని జస్టిస్ పార్దీవాలా హెచ్చరించారు. ఆ తర్వాతి నెలలోనే పరుపు, దిండు, కాస్త నడవడానికి చోటు కోసం గొడవ సెషన్స్ కోర్టుకెక్కింది. జైలు నియమావళి అయిన మాన్యువల్ ప్రకారం ఇవ్వాల్సినవి ఇవ్వమని కోర్టు చెప్పాల్సి వచ్చింది. ఏడాది కిందట పచ్చికలో కుర్చీ, ఇప్పుడు దిండుకు కోర్టు ఉత్తర్వు. జైలు ఈ చివరి నుంచి ఆ చివరికి ఊగుతుంది, మధ్యలో నిలబడదు. పైవాళ్లు కన్నెర్ర చేసినప్పుడల్లా కింద అధికారి చేతిలో ఉన్నదల్లా లాక్కోవడం మొదలుపెడతాడు, ఇవ్వాల్సినది కూడా.

దిండు ఇవ్వడానికి జైలు జంకడం ఉత్త కక్ష అనుకోవడమూ పొరపాటే. దూది దిండు, మందపాటి ఫోము పరుపు దొంగసరుకుకు చక్కటి గూళ్లు. కుట్టు ఒక జానెడు విప్పి, ఫోన్ తోసి, మళ్లీ టాకాలు వేస్తే చేత్తో తడిమినా దొరకదు. దీనికి మందు నిరాకరణలో లేదు, తయారీలో ఉంది. రెండంగుళాలకు మించని పలుచటి ఫోము, కుట్లు లేకుండా వేడితో అతికిన ఉతికే తొడుగు, త్వరగా అంటుకోని గుడ్డ, మీద ఖైదీ నంబరు. అతుకు ఊడితే కంటికే కనబడుతుంది. నెలకోసారి ఎండలో పరిస్తే నల్లులూ పోతాయి, తనిఖీ కూడా అయిపోతుంది. అందరికీ ఒకటే రకం ఇస్తే ఎవరి పరుపు ఎక్కువ మందంగా ఉందో దూరం నుంచే తెలుస్తుంది. అయితే పరుపు పరవడానికి చోటుండాలి. కేంద్రం నమూనా మాన్యువల్ బ్యారక్‌లో మనిషికి 3.71 చదరపు మీటర్లు ఉండాలంటుంది. కిక్కిరిసిన జైల్లో ఆ కొలత కాగితం మీదే ఉంటుంది, పక్కకు తిరిగి పడుకునే చోటు కూడా అమ్మకానికి వస్తుంది. జైల్లో అన్నిటికంటే ముందు ధర పలికే సరుకు టీవీ అనుకుంటారు బయటివాళ్లు. కాదు, గోడవార జాగా.

టీవీ గురించి ఎక్కువ గొడవ, తక్కువ ఆలోచన. బ్యారక్‌కు ఒక టీవీ ఉంటే సాయంత్రం లాకప్ తర్వాత వార్డరుకు పని తగ్గుతుంది. అరవైమంది ఖాళీ మనుషుల్ని ఒక గదిలో పెట్టి తాళం వేస్తే ఎనిమిది గంటలకల్లా ఏదో ఒక తగాదా మొదలవుతుంది. క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి అది ఆట మీద పోతుంది. అందుకే టీవీ ఖైదీకి ఎంత ఉపయోగమో జైలుకూ అంతే. కానీ ఎలాంటి టీవీ అన్నదే కీలకం. ఇంట్లో వాడే స్మార్ట్ టీవీ వెనక యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది. అది ఫోన్ చార్జరు. సెట్‌టాప్ బాక్సుకూ ఉంటుంది. బ్యారక్‌లో ఫోన్లు దొరుకుతున్నాయి, చార్జర్లు మాత్రం దొరకడం లేదంటే ముందు టీవీ వెనక చూడాలి. కాబట్టి మామూలు టీవీ, చేతికందని ఎత్తులో ఇనుప జాలీలో, వెనక రంధ్రాలు మూసేసి, తీగలు గోడలో కనబడకుండా లాగి, స్విచ్చు బయట వార్డరు దగ్గర. రిమోట్ కూడా ఆయన దగ్గరే. రాత్రి పదికి బంద్. సెల్లులో ఒక్కడికి టీవీ ఉంటే అది ఏ రూలు కింద, ఏ తేదీన, ఎవరి సంతకంతో వచ్చిందో కాగితం ఉండాలి. 2025 నవంబరులో పరప్పన అగ్రహార నుంచి బయటికొచ్చిన వీడియోల్లో జనాన్ని మండించింది టీవీ ఉండటం కాదు. వరుస హత్యల, అత్యాచారాల ఖైదీ సెల్లులో టీవీతోపాటు చేతిలో ఫోన్లు ఉండటం. అధికారుల సస్పెన్షన్లు, బదిలీలు మళ్లీ షరా మామూలే.

ఫోన్ విషయంలో ఎవరికీ రెండో మాట ఉండక్కర్లేదు: సొంత మొబైలు జైల్లో ఉండకూడదు. అది వినోదం కాదు, సాక్షుల్ని బెదిరించే, వసూళ్లు చేసే పనిముట్టు. 2023లో కేంద్రం పంపిన నమూనా జైళ్ల చట్టం దీనికి మూడేళ్ల వరకూ జైలు, 25,000 రూపాయల వరకూ జరిమానా అంటుంది. 1894 చట్టం నిషిద్ధ వస్తువులకు ఆరు నెలలు, 200 రూపాయలు వేసేది. శిక్ష పెరిగితే రేటు పెరుగుతుంది, సరఫరా ఆగదు. జామర్ల సంగతి ఆ చుట్టుపక్కల కాలనీలవాళ్లను అడిగితే తెలుస్తుంది. జామరు చేసే పని సిగ్నల్ వచ్చే పౌనఃపున్యంలో రొద నింపడం. రొదకు గోడలు తెలియవు, అందుకే బయట ఇళ్లలో ఫోన్లు మూగబోతాయి. కంపెనీ కొత్త బ్యాండ్ తెరిచిందంటే పాత జామరు దాన్ని ఆపలేదు, లోపల 2జీ చచ్చి 4జీ బతుకుతుంది. దీనికంటే మెరుగైనది జైల్లోనే టవరు పెట్టి, లోపలి ఫోన్లన్నీ దానికే తగులుకునేలా చేసి, అనుమతి లేని నంబర్లను అక్కడే ఆపేయడం. దానికీ కంపెనీల సహకారం, ఎప్పటికప్పుడు సర్దుబాటూ కావాలి.

అయితే లోపల ఫోన్ కొనేవాళ్లంతా గూండాలు కారు. కూతురికి జ్వరమని తెలిసి మాట్లాడాలనుకునేవాడూ కొంటాడు, నిమిషానికింత అని అద్దెకు తీసుకుంటాడు. ఈ రెండో గిరాకీని జైలే తీర్చేయొచ్చు. ముందుగా ఇచ్చి పోలీసులు సరిచూసిన రెండు మూడు నంబర్లకు మాత్రమే వెళ్లే ఫోన్లు, వేలిముద్రతో తెరుచుకునేవి, సంభాషణ రికార్డయ్యేవి. బ్యారక్‌కు సరిపడా ఉంటే అద్దె ఫోన్ బేరం సగం పడిపోతుంది. మిగిలిన సగం అసలు నేరగాళ్లది, నిఘా దాని మీద పెట్టొచ్చు. ఒక్క యంత్రం పెట్టి మూడొందల మందిని వరుసలో నిలబెడితే మాత్రం వరుసలో చోటు కూడా అమ్ముడవుతుంది. ఇక్కడే మనవాళ్లకు మరో చిక్కుంది. రికార్డయిన తెలుగు మాటలు వినే మనిషి, తెలుగు ఉత్తరం చదివి ముద్ర వేసే మనిషి కన్నడ జైల్లో డ్యూటీలో లేకపోతే ఆ ఉత్తరం బల్ల మీదే నిద్రపోతుంది. దూరం ఊళ్లవాళ్లకు ఈ-ములాఖత్ వీడియో కాల్ కొంత దారి. కుప్పం నుంచి ఒక పూట కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చి పదిహేను నిమిషాలు జాలీ అవతల అరుచుకోవడం కంటే నయం.

జైల్లో బీడీ కట్టే నోటు. క్యాంటీను కూపను అంతకంటే పెద్ద నోటు. చదరంగం, క్యారమ్స్, వాలీబాల్ ఇస్తారు, పేకముక్కలు ఇవ్వరు. జూదానికని మాన్యువళ్లు నిషేధించాయి. క్యారమ్ బోర్డు మీద కూడా బీడీల పందెం నడుస్తుంది, దాన్ని ఆపడం ఎవరితరమూ కాదు. ఆపాల్సింది పెద్ద లెక్కలు. ఖైదీకి జైల్లో వ్యక్తిగత నగదు ఖాతా ఉంటుంది, ఇంటివాళ్లు డబ్బు వేస్తారు, వారానికి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదనే పరిమితితో క్యాంటీనులో కొనుక్కుంటాడు. పరిమితి బాగానే ఉంది. డబ్బున్నవాడు చేసేది ఏమిటంటే, ఇంటి నుంచి ఎవరూ రాని పదిమంది ఖాతాల్లో డబ్బు వేయించడం. పదింతల పరిమితి, పదిమంది నౌకర్లు. ఒకడు బట్టలుతుకుతాడు, ఒకడు కాళ్లు పడతాడు. దీన్ని పట్టుకోవడానికి సీసీ కెమెరా అక్కర్లేదు. డబ్బు వేసిన బ్యాంకు ఖాతాను ఖైదీల ఖాతాలతో జత చేసి చూస్తే చాలు, ఒకే చేతి నుంచి ఎన్ని జేబులు నిండాయో తెలుస్తుంది.

2017 జూలైలో అప్పటి జైళ్ల డీఐజీ డి.రూప ఇచ్చిన నివేదిక ఈ జైలు వంటింటి దాకా వెళ్లింది. అక్రమాస్తుల కేసులో శిక్ష అనుభవిస్తున్న జయలలిత సన్నిహితురాలు శశికళకు ప్రత్యేక వంటిల్లు సహా మర్యాదలు జరుగుతున్నాయని అందులో రాశారు. కొద్ది రోజులకే రూపనూ, జైళ్ల డీజీనీ ఇద్దర్నీ బదిలీ చేశారు. తర్వాత విశ్రాంత ఐఏఎస్ అధికారి వినయ్‌కుమార్ కమిటీ ప్రత్యేక మర్యాదలు నిజమేనంది. ప్రత్యేక వంటింట్లో నేరం రుచి కాదు. జైలు భోజనం తినక్కర్లేని పలుకుబడి ఉన్న మనిషి లోపలుంటే, ఆ భోజనం బాగుచేయించగల గొంతు ఒకటి తగ్గుతుంది. మంత్రులూ నటులూ అందరితోపాటు అదే ముద్దె, అదే సాంబారు తింటే సాంబారు చిక్కబడుతుంది. తరగతుల పద్ధతి అందుకే చెడ్డది. స్వాతంత్ర్యోద్యమంలో జతీంద్రనాథ్ దాస్ లాహోరు జైల్లో 63 రోజులు నిరాహారదీక్ష చేసి 1929 సెప్టెంబరు 13న ప్రాణం వదిలాక, ఖైదీల్ని ఏ, బీ, సీ తరగతులుగా విడగొట్టారు. ఆయన కోరింది సమానత్వం, వచ్చింది అంతస్తులు. 2018లో చెన్నై పుళల్ జైలు నుంచి పరుపులు, టీవీల ఫొటోలు బయటపడ్డప్పుడు కూడా ‘ఏ’ తరగతి ఖైదీలకు అవి రూలు ప్రకారమేనన్న సమాధానం వచ్చింది. రూలు రాసి ఉంటే సరిపోదు, ఆ రూలు ఆస్తినీ చదువునూ చూసి సుఖం కొలిస్తే అది గోడ మీద రాసిన లంచమే.

పుస్తకాలూ నాటకాలూ వేరే కోవ. 1965లోనే సుప్రీంకోర్టు, నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ పాండురంగ్ సంజ్‌గిరి మరాఠీలో రాసిన సైన్సు పుస్తకాన్ని అచ్చుకు బయటికి పంపనివ్వాలంది. మైసూరు నాటక సంస్థ రంగాయణకు చెందిన హులుగప్ప కట్టీమని కర్ణాటక జైళ్లలో ఖైదీలతో నాటకాలు ఆడించారు. బందోబస్తుతో బయటి వేదికల మీదా ప్రదర్శించారు. నాలుగు పేజీల సంభాషణ కంఠతా పట్టి, వేళకు వచ్చి, ఎదుటివాడు మాట్లాడేదాకా ఆగడం చాలామందికి జీవితంలో మొదటిసారి అక్కడే అలవడుతుంది. దీన్ని వినోదం కింద లెక్కగట్టి కోత పెట్టేవాడికి నాటకం రిహార్సలు ఎంత చాకిరో తెలియదు.

హతుడి ఇంటివాళ్ల కోపం మాత్రం కొట్టిపారేసేది కాదు. పచ్చిక ఫొటో వచ్చేనాటికి రేణుకాస్వామి భార్య గర్భవతి. ఆ ఇంటికి ‘మండేలా నియమాలు’ అని చెప్పబోవడం అన్యాయం. వాళ్లకు చెప్పగలిగింది రెండు. అందరికీ ఇచ్చే దిండు వాళ్ల కొడుకును చంపాడన్న ఆరోపణ ఉన్నవాణ్ని గొప్పవాణ్ని చేయదు, కొనుక్కున్న కుర్చీ చేస్తుంది. రెండోది డబ్బు. కర్ణాటకలో పనిచేసే ఖైదీకి దినసరి కూలి ఇప్పుడు 500 రూపాయలు దాటింది. ఆ కూలిలో న్యాయమైన వాటా బాధితులకు చేరేలా చట్టం చేయమని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. క్యాంటీనులో బిస్కెట్ ప్యాకెట్టు కొనే ముందే ఆ వాటా తెగితే, బిస్కెట్ మీద పేచీ ఉండదు.

జైలు సందర్శక బోర్డు సభ్యులూ, న్యాయసేవాధికార సంస్థ పంపే వకీళ్లూ వెళ్లినప్పుడు వాళ్లకు కడిగిన నేల, ముగ్గు, కొత్త దుప్పట్లు చూపిస్తారు. అవి చూసి రావడం దండగ. లాకప్ వేసే వేళకు వెళ్లాలి. బ్యారక్‌లో ఎవరి పడకకూ ఎవరి పడకకూ మధ్య జానెడు ఎక్కువుందో చూడాలి. టీవీ వెనక చెయ్యిపెట్టి చూడాలి. వంటింట్లో పొయ్యిలు లెక్కపెట్టి, రిజిస్టరులో ఉన్నవెన్నో అడగాలి. క్యాంటీను పుస్తకంలో నెలరోజుల్లో ఇంటి నుంచి రూపాయి రాని ఖైదీ పేరు మీద ఎన్ని సిగరెట్ ప్యాకెట్లు పోయాయో వెతకాలి. ఆ ఖైదీని విడిగా పిలిచి, అతని భాషలో, ‘నువ్వు సిగరెట్ తాగుతావా?’ అని అడగాలి.